కారం సంచిలో గవ్వలు

మొన్న ఓడరేవులో మా మనవరాలు గవ్వల పాకెట్టు ఒకటి నా చేతిలో పెట్టి "ఇది కొనుక్కోనా అమ్మమ్మా?" అంది. నేను చేసిన మొదటి పని ఆ పాకెట్టుని ముక్కు దగ్గర పెట్టుకోవడం. "గవ్వల్ని ఎవరైనా వాసన చూస్తారా!" అని పిల్ల పకపకా నవ్వింది. కొట్టతనూ నవ్వాడు. ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ రాలేదు. రాదని నాకూ తెలుసు, చెయ్యి ఊరుకోలేదంతే.

మా అల్లుడు రిసార్టులో గదులు తీసుకుని అందరినీ తీసుకొచ్చాడు. చల్లటి గది, కిటికీ తెరిస్తే సముద్రం. గేటు దాటితే దారి పొడవునా కొట్లు. బియ్యపుగింజ మీద పేరు రాసేవాళ్ళు, శంఖం మీద పేరు చెక్కేవాళ్ళు, ఏ ఊళ్ళోనైనా దొరికే టోపీలు, బొమ్మలు. "ఎవరికని కొంటాం అమ్మా, ఎవరికి కావలసినవి వాళ్ళు ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు" అంది మా అమ్మాయి. మాట నిజమే. కానీ నా చిన్నప్పుడు ఊరెళ్ళి ఒట్టిచేతులతో వీధిలోకి వస్తే, ఆ మనిషిని చెప్పుకు అంటిన పేడని చూసినట్టు చూసేవాళ్ళు.

మాది పొదిలి దగ్గర మెట్ట ఊరు. వాన పడితే పంట, పడకపోతే వలస. మా వీధి చివర చర్చి ఉండేది కాబట్టి అది చర్చివీధి. నాన్న మిషన్ బడిలో పంతులు. కొడుకు పంతులైనా మా నాయనమ్మ కూలికి పోవడం మానలేదు. "నా పరువు తీయకమ్మా" అని నాన్న బతిమాలితే, "నీ పరువు నా గంపలో లేదు గదరా తీయడానికి" అనేది. ఆ నోటికి ఎదురు చెప్పగలిగిన మనిషి మా వీధిలో ఒక్కతే ఉండేది. ఆవిడ మా ఎదురింటి అవ్వ. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మిరప కోతలొస్తే మా వీధి వీధంతా ఘాటే. నీళ్ళు తాగినా, దుప్పటి కప్పుకున్నా, ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచినా అదే వాసన. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో తుమ్మితే, అదే అదనని పిల్లలమంతా "ఆమెన్" అనేసి బయటికి పరుగెత్తేవాళ్ళం. మాకు అఆల కంటే ముందు నేర్పిన పాఠం, కంట్లో చెయ్యి పెట్టకూడదని. చెమట కారినా, నలుసు పడినా, ఏడుపొచ్చినా సరే, తల పక్కకి వంచి, భుజం పైకెత్తి, రవిక చేతికి తుడుచుకోవాలి. కాయ కోసే ఆడవాళ్ళని చూడండి, కోతలు అయిపోయి నెలలు గడిచినా, పెళ్ళిపందిట్లో కూర్చున్నా, భుజంతోనే తుడుచుకుంటారు. అది చేతికి పట్టిన అలవాటు కాదు, ఒంటికి పట్టింది.

నేను ఒక్కసారి మర్చిపోయాను. చేలో కాయలు ఏరి ఏరి, దోమ ఏదో వాలిందని కన్ను నులిమేసుకున్నాను. నా కేకకి పక్క చేలో ఎద్దులు బెదిరాయని ఇప్పటికీ మా తమ్ముడు చెప్తాడు. నాయనమ్మ పరుగెత్తుకొచ్చి, చన్నీళ్ళతో కడిగి, పైటచెంగు ముద్దగా చుట్టి, నోటికి ఆనించుకుని "హా" అని ఆవిరి పట్టి నా కంటికి అద్దింది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ అద్దడం. "మిరపకాయని తిట్టబాక. తప్పు నీ చేతిది" అంది.

చివరి కోత అయ్యాక చేలో మిగిలిపోయిన కాయల్ని పరిగె అంటారు. దాని మీద ఆసామికి హక్కు లేదు. ఎవరు ఏరుకుంటే వాళ్ళది. నాయనమ్మ తన పరిగె కాయల్ని ఎవరి వాటిలోనూ కలపనిచ్చేది కాదు. విడిగా ఎండబెట్టి, తెల్లబారిన తాలుకాయలు తీసేసి, ఒక గుడ్డసంచిలో పోసి దూలానికి వేలాడదీసేది. ఇల్లు కొడుకుది, తిండి కొడుకుది, ఆ సంచి మాత్రం తనది.

ఇప్పుడు ఎదురింటి అవ్వ సంగతి. ఆవిడ మా తాతకి చెల్లెలు. నాయనమ్మకి ఆడబిడ్డ. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు, ఒకరినొకరు "వదినా" అనుకునేవాళ్ళట. అనుకునేవాళ్ళట అంటున్నానంటే, అప్పటిదాకా నా చెవులతో నేను వినలేదు. వాళ్ళ వయసులో ఎండాకాలం మధ్యాహ్నాలు ఇద్దరూ మా వసారాలో సుద్దతో గళ్ళు గీసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్ళట. ఒకరి కాయలు మిరప తొడిమలు, ఇంకొకరివి గాజుముక్కలు. ఒకరి కాయని ఒకరు చంపినప్పుడల్లా వీధి అదిరిపోయేదట. "ప్రభువు వస్త్రాల కోసం చీట్లు వేసిన సైనికుల ఆట ఇది" అని పాస్టరుగారు ఒకసారి మందలిస్తే, "వాళ్ళు గుడ్డల కోసం ఆడారయ్యగారూ, మేం పొద్దుపోక ఆడుతున్నాం" అందట నాయనమ్మ.

నాకు ఊహ తెలియని రోజుల్లో తాత పోయాడు. మంచి ఎండల్లో. అవ్వ అప్పుడు గుంటూరు పక్కకి కాయకోతలకి వలస వెళ్ళి ఉంది. మనిషిని పంపారు. అతను చేలన్నీ వెతికి ఆవిడని పట్టుకుని, బస్సులు మారి తీసుకొచ్చేసరికి తాతని సమాధుల తోటలో పెట్టేశారు. ఎండకి శవం ఆగదని సంఘ పెద్దలు తొందరపెట్టారట. అవ్వ నేరుగా మా ఇంటికొచ్చి, గూట్లో ఉన్న ఆట గవ్వలు తీసి కంచెలోకి విసిరికొట్టి, "మా అన్న మొహం నాకు చూపించకుండా మట్టి కప్పావు. ఇయ్యాల్టితో నీకూ నాకూ ఆట తీరింది" అందట. అప్పటినుంచి వీధికి అటొకరు, ఇటొకరు. చర్చిలో కూడా ఆవిడ ఈ చివర చాప మీద, ఈవిడ ఆ చివర చాప మీద. మా వసారాలోంచి చూస్తే అవ్వ పొయ్యి కనపడేది, ఏం కూర వండుతుందో కూడా తెలిసేది. మాట మాత్రం లేదు.

అలాంటి ఒక ఎండాకాలం సెలవుల్లో నాన్నకి బుద్ధి పుట్టింది, పిల్లలకి సముద్రం చూపించాలని. అదే వారంలో ఇంకో కబురు తెలిసింది. ఎదురింటి అవ్వని ఆవిడ కూతురు తన ఊరికి తీసుకుపోతుందట. ఇంటికి తాళం పెట్టేస్తారట. ఆ మాట విన్నప్పుడు నాయనమ్మ అన్నం తింటోంది. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. చెయ్యి కడుక్కుని లేచి, "నేనూ వస్తా సముద్రానికి" అంది.

బయల్దేరే పొద్దున దూలం మీది గుడ్డసంచి దించి చంకన పెట్టుకుంది. నాన్న నెత్తి కొట్టుకున్నాడు.

"సముద్రానికి మిరపకాయలు దేనికమ్మా?"

"కొత్త చోటికి పోతా ఒట్టిచేతుల్తో పోతారంట్రా?"

"సముద్రమేమన్నా నీ వియ్యంకుడా?"

"ఎవరికెరుక? చూసింతర్వాత చెప్తా."

బస్సంతా తుమ్ములే. ఒంగోలు దాకా ముందు సీటాయన తిడుతూనే ఉన్నాడు. ఒంగోలులో బస్సు మారాక కొత్తగా ఎక్కినవాళ్ళు తిట్టడం మొదలుపెట్టారు. నాయనమ్మ మాత్రం సంచి మూతి బిగించి, కిటికీలోంచి తాటిచెట్లు చూస్తూ కూర్చుంది. వేటపాలెం రాగానే బస్సులోకి జీడిపప్పు కాలుతున్న వాసన వచ్చింది. కమ్మగా, కొంచెం మాడుగా. తమ్ముడు నోరు తెరిచి గాలిని కొరుకుతున్నాడు. "వచ్చేటప్పుడు కొందాంలే, ముక్కపప్పైతే మనకందుద్ది" అంది అమ్మ.

ఓడరేవులో అప్పుడు ఇప్పుడున్నవేవీ లేవు. తాటాకు పందిళ్ళు, ఇసకలోకి లాగిపెట్టిన పడవలు, వలల మీద ఎండుతున్న చేపల కంపు. అమ్మ గోంగూర కలిపిన అన్నం, ఉడకేసిన గుడ్లు మూటలు విప్పింది. ముంజలమ్మే మనిషి తాటికాయలు కొట్టి ఆకులో పోసింది. ఆ ముంజల తియ్యదనం, గోంగూర పులుపు, పెదాల మీద ఉప్పుగాలి అన్నీ కలిపి నేను మళ్ళీ ఎక్కడా తినలేదు. తమ్ముడు ఖాళీదే అనుకుని ఒక గుల్లని జేబులో వేసుకున్నాడు. దాన్లో ఉన్న ఎండ్రకాయ వాడి తొడ కొరికింది. వాడు నిక్కరు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. అమ్మ నవ్వలేక ఇసకలో కూలబడింది.

నాయనమ్మ మాత్రం మోకాలిలోతు నీళ్ళలో నిలబడి సముద్రాన్ని ఎగాదిగా చూసింది. అరచేతిలోకి నీళ్ళు తీసుకుని నాలికకి తగిలించుకుని ఉమ్మేసింది. "ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఒక్క మొక్కకి తడి ఇయ్యలేడు. ఏం కలిగినోడో!" అంది. మెట్ట మనిషి సముద్రాన్ని చూస్తే అంతకంటే ఏమంటుంది.

సాయంత్రం కొట్ల దగ్గరికి వెళ్ళాం. పందిళ్ళ కింద గవ్వల దండలు, గుల్లలు అంటించిన అద్దాలు, దువ్వెనలు, ఊదే పీకలు, ఆల్చిప్పల మీద రంగులు పూసిన బాతులు. అమ్మకి అద్దం మీద కన్ను పడింది, తమ్ముడికి పీక మీద పడింది. నాన్నకి బస్సు వేళ మీద ధ్యాస.

"వీధికి ఏం తీసుకోవాలో చెప్పమ్మా, చీకటిపడుద్ది" అన్నాడు.

నాయనమ్మకి చదువు రాదు. కళ్ళు మూసుకుంది. అక్కడే, ఇసకలో నిలబడి, చర్చి వైపు నుంచి మా వీధిలో నడుచుకుంటూ వచ్చింది. "పాస్టరమ్మగారికి దువ్వెన. ఆ పక్కన బావి కాడోళ్ళకి దండ, వాళ్ళమ్మాయికి కొత్తగా పెళ్ళైంది. కుంటి మామకి ఏం తెస్తాంలే, జీడిపప్పు ఇద్దాం. కుట్టుమిషనామెకి అద్దం." ఒక్కో గడప ముందు ఆగుతోంది, ఆ ఇంట్లో ఎవరున్నారో చూసుకుంటోంది, కదులుతోంది. అమ్మ ఒక్కోటీ ఏరి పక్కన పెడుతోంది. ఊళ్ళో మా లెక్క అది. ఊరెళ్ళొచ్చినవాళ్ళు గడప గడపకీ ఏదో ఒకటి ఇవ్వాలి, వెళ్ళనివాళ్ళు కాదనకుండా తీసుకోవాలి. ఒక గడప వదిలేశారంటే ఆ ఇంటికీ ఈ ఇంటికీ తెగిపోయిందని వీధికి చాటింపు వేసినట్టే. ఇవ్వబోతే తీసుకోలేదంటే ఇక ఆ తెగినదాన్ని ఎవరూ ముడెయ్యలేరు.

నాయనమ్మ నడక మా ఎదురింటి ముందుకొచ్చింది. ఆగింది.

"ఎదురింటి అవ్వకేం నాయనమ్మా?" అన్నాను.

అమ్మ నాకు తొడపాశం పెట్టింది. నాయనమ్మ కళ్ళు తెరవలేదు. ఆ గడప దాటి పక్కింట్లోకి వెళ్ళిపోయింది. "వాళ్ళకి దండ" అంది.

నాన్న, అమ్మ సామాను కట్టించుకుంటూ ఉంటే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని చివరి పందిరి దాకా లాక్కుపోయింది. అక్కడ ఒకామె గుల్లలు శుభ్రం చేస్తూ కూర్చుని ఉంది. వేటకెళ్ళేవాళ్ళ ఇంటి మనిషి. జుట్టు ఎండకి రాగి రంగు తిరిగిపోయింది.

"గవ్వలున్నయ్యా?"

"బొమ్మలకి అంటించేవా?"

"కాదు. ఆటకి."

ఆమె తల ఎత్తి నాయనమ్మని చూసి, వెనకాల నుంచి ఒక చేట తీసి ముందు పెట్టింది. నాయనమ్మ కింద కూర్చుని కొంగు బిగించింది. గవ్వ తీసుకోవడం, చెక్క మీద విసరడం, మళ్ళీ తీసుకోవడం, మళ్ళీ విసరడం. ఎప్పుడూ బోర్లాపడే దాన్ని అవతల పారేసేది. ఎప్పుడూ వెల్లకిలా పడేదాన్నీ పారేసేది. "మనిషైనా గవ్వైనా ఒకే పక్కకి పడితే ఆట సాగదు" అంది. చివరికి నాలుగు కుదిరాయి. నాలుగూ కలిపి విసిరింది. నాలుగూ బోర్లాపడ్డాయి.

"అష్టా!" అని అరిచింది. పక్క పందిట్లో వాళ్ళు తిరిగి చూశారు. మా నాయనమ్మకి అంత పడుచు గొంతు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇంద, ఇవి తీసుకో" అని సంచిలో కాయలు చేటలో పోసింది. ఆమె ఒక కాయ విరిచి, వాసన చూసి, "అబ్బో, ఏ ఊరు పిన్నీ మీది?" అంది.

"మా ఊళ్ళో నీళ్ళుండవు. కాయకి ఆ కోపమంతా ఉంటది. చేపలపులుసులో రెండు వేసి చూడు, నీ మొగుడు రెండు కుండల నీళ్ళు తాగుతాడు."

ఆమె పగలబడి నవ్వింది. మాకు రంగుల బాతు ఒకటి కొసరు కూడా ఇచ్చింది. డబ్బులిస్తే సరిపోయేది గదా అని తర్వాత నాన్న అన్నాడు. "నీ డబ్బుతో కొంటే నీ బహుమానం అవుద్ది" అంది నాయనమ్మ.

ఖాళీ అయిన గుడ్డసంచిలోనే గవ్వలు వేసి మూతి కట్టింది. "నాయనమ్మా, సంచంతా కారం దుమ్ము ఉంది" అన్నాను. "ఏం గాదులే" అంది.

తిరుగు బస్సులో తమ్ముడు పీక ఊదుకుంటూ నిద్రపోయాడు. వేటపాలెంలో కొన్న జీడిపప్పు పొట్లం అమ్మ ఒళ్ళో ఉంది. నాయనమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"ఎదురింటి దానికి ఏందని అడిగావుగా. ఇవే. తీసుకుంటే తీసుకుద్ది. లేదంటే ఇంక ఈ జన్మకి లేదు. మళ్ళీ వారానికి ఆ తలుపుకి తాళం పడుద్ది."

"తీసుకోకపోతే?"

ఆవిడ సంచి మూతి ముడి విప్పి, మళ్ళీ బిగించి కట్టింది. అంతకుముందు దాకా నాయనమ్మ దేనికైనా భయపడుతుందని నేను అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం దాకా నేనూ తమ్ముడూ గడప గడపకీ తిరిగి అన్నీ పంచాం. వీధికి లెక్క తెలుసు. మేము ఎదురిల్లు వదిలేసి వెళ్ళడం అందరూ చూశారు. అవ్వ కూడా చూసింది. వసారాలో కూర్చుని చింతచిగురు ఈనెలు తీస్తోంది. మేము ఇటునుంచి అటు వెళ్ళినా, అటునుంచి ఇటు వచ్చినా తల ఎత్తలేదు.

అప్పుడు నాయనమ్మ బయటికొచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. చర్చికి వెళ్ళేటప్పుడు కట్టే చీర. పిల్లల చేత పంపే వస్తువు కాదది, స్వయంగా పట్టుకెళ్ళాల్సింది. మా గడప నుంచి ఆ గడపకి ఎంత దూరమని, రెండు మంచాలు వేస్తే నిండిపోయే వీధి. అది దాటడానికి ఆవిడకి ఎంతసేపు పట్టిందో. కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది. బావి దగ్గర చేద సగంలో ఆగింది.

నాయనమ్మ వసారా మెట్టు కింద నిలబడి సంచి ముందు పెట్టింది.

"వదినా, సముద్రం నుంచి తెచ్చా."

అవ్వ చిగురు ఏరుతూనే ఉంది. ఒక ఈనె, ఇంకో ఈనె. నేను నాయనమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను.

చాలాసేపటికి అవ్వ చేట పక్కకి జరిపింది. సంచి దగ్గరికి లాక్కుంది. ముడి విప్పి, చెయ్యి లోపల పెట్టి, గవ్వలు పైకి తీసింది. ఎర్రటి దుమ్ము అంటుకుని ఉన్నాయి. మా తమ్ముడు గట్టిగా తుమ్మాడు. ఎవరూ నవ్వలేదు. అవ్వ గవ్వల్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, నాయనమ్మ మొహం కేసి చూసింది. అన్నేళ్ళలో మొదటిసారి.

"మా అన్న నన్ను అడిగాడా?"

"అడిగాడు. నీళ్ళు తాగి, చెల్లెలొచ్చిందా అన్నాడు. దార్లో ఉంది, వస్తాంది అని చెప్పా. అప్పటికింకా నీకు కబురే అందలేదు. ఆఖరు మాట అబద్ధం చెప్పి పంపించా వదినా. పెద్దోళ్ళు ఎత్తండి, ఎత్తండి అంటంటే నేను సందు మొగ కేసి చూస్తానే ఉన్నా. పెట్టె మూతేసేటప్పుడు కూడా చూస్తానే ఉన్నా. నేనొక్కదాన్ని ఎంతమందిని ఆపను?"

"నాకు చెప్పకపోయావా ఈ మాట!"

"చెప్పనిచ్చావా?"

అవ్వ గవ్వలు ఉన్న పిడికిలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. నాయనమ్మ మెట్టు మీద కూలబడి, ఆవిడ మోకాలి మీద తల ఆనించి పసిపిల్లలా ఏడ్చింది. వీధంతా చూస్తోంది. మా అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది అత్తా?"

"ఏం లేదమ్మా" అంది అవ్వ. "గవ్వల్ని కారం సంచిలో ఏసుకొచ్చింది ఈ పిచ్చిముండ. ఆ చెయ్యి కంట్లో పెట్టుకున్నా, మండిపోతంది."

"నేనూ పెట్టుకున్నా" అంది నాయనమ్మ.

అమ్మ నీళ్ళు పోసింది. నేను గర్వంగా "నేను బస్సు ఎక్కకముందే చెప్పాను, సంచిలో కారం ఉందని" అన్నాను. వీధిలో అందరూ నవ్వారు. బావి దగ్గర చేద పైకి లేచింది, కుట్టుమిషన్ మళ్ళీ మొదలైంది. కాసేపటికి అవ్వ గళ్ళు గీయడానికి సుద్దముక్క కోసం లోపలికి వెళ్ళింది.

అవ్వ తన కూతురి ఊరికి వెళ్ళేదాకా రోజూ మధ్యాహ్నం ఆటే. చింతచిగురు పప్పు వాసన, మిరప తొడిమలు ఒక పక్క, గాజుముక్కలు ఒక పక్క, తిట్లు. "నా కాయని చంపావంటే నీ చెయ్యి పడిపోను!" "పడిపోతే కాలితో ఆడతాలే, ఎయ్యి!" వెళ్ళే రోజు అవ్వ రెండు గవ్వలు తను కొంగున కట్టుకుని, రెండు నాయనమ్మ చేతిలో పెట్టింది. "నువ్వు లేకుండా నేను ఆడను, నేను లేకుండా నువ్వు ఆడబాక" అంది. ప్రతి క్రిస్మస్‌కీ ఆ రెండు గవ్వలూ బస్సెక్కి మా ఇంటికొచ్చేవి. ఆ తర్వాత మా వీధిలో ఎవరు పోయినా, శవప్పెట్టె మూత వేసే ముందు నాయనమ్మ లేచి నిలబడి, "రావాల్సినోళ్ళందరూ వచ్చారా?" అని అడిగేది. రాలేదంటే ఎంత ఎండైనా, పెద్దలు ఎంత గొణిగినా, మూత మీద చెయ్యేసి కూర్చునేది. పాస్టరుగారే నీడకి పందిరి వేయించేవారు.

ఇద్దరూ వెళ్ళిపోయారు. మా ఊళ్ళో చర్చి కొత్తది కట్టారు, వీధికి సిమెంటు పోశారు. కాయలు ఆరబెట్టడానికి పట్టాలు, అమ్ముకోవడానికి ఫోన్లు వచ్చాయి. అష్టాచెమ్మా గళ్ళు గీసే మట్టి వసారా ఒక్కటీ లేదు. నేను చాలా ఏళ్ళు ఈ కథని నవ్వుతాలకి చెప్పేదాన్ని, కారం సంచిలో గవ్వలేసుకొచ్చిన మా నాయనమ్మ తెలివి చూడండి అని. మా పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో.

ఒకసారి గుంటూరులో మా ఇంటికి దగ్గర్లో కోల్డ్‌స్టోరేజి ముందు ఆడకూలీలు తొడిమలు తీస్తూ కూర్చుంటే బస్సు కోసం నిలబడి చూస్తున్నాను. ఒకామె ఏదో చెప్పుకుంటూ ఏడుస్తోంది. తల వంచి, భుజం ఎత్తి, రవిక చేతికి కళ్ళు తుడుచుకుంది. అక్కడే నాకు ఆ మధ్యాహ్నం మళ్ళీ కళ్ళకి కట్టింది. అవ్వ పిడికిలి ఒళ్ళోనే ఉంది. నాయనమ్మ రెండు చేతులూ అవ్వ మోకాళ్ళ చుట్టూ ఉన్నాయి. ఇద్దరూ భుజాలతోనే తుడుచుకున్నారు. పుట్టినప్పటినుంచి మిరపచేలో బతికిన ఆడవాళ్ళు, కారం అంటిన చెయ్యి కంట్లో పెట్టుకుంటారా? ఆ చేతులు ఆ కళ్ళ జోలికి వెళ్ళనే లేదు. ఆ మాట మా అమ్మకి తెలుసు. చేద ఆపిన ఆమెకి తెలుసు, కుట్టుమిషనామెకీ తెలుసు. వీధి వీధంతా తెలిసి, నమ్మినట్టు నవ్వి, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. నమ్మింది నేనొక్కదాన్నే. నాకు వాళ్ళందరి మీద అప్పుడు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

మొన్న ఆ పాకెట్టు కొన్నాం. పిల్లని ఇసకలో కూర్చోబెట్టి వేలితో గళ్ళు గీశాను. గవ్వలు నాలుగు ఎలా ఏరాలో చూపించాను. ఒకే పక్కకి పడేదాన్ని తీసేయమన్నాను. దానికి చప్పున వచ్చేసింది ఆట. మూడో విసురుకే నాలుగూ బోర్లాపడ్డాయి.

"ఇదేంటి అమ్మమ్మా? ఏమంటారు దీన్ని?"

"అష్టా" అని చెప్పబోయాను. తల పక్కకి వంచి, భుజం ఎత్తి, జాకెట్టు చేతికి కళ్ళు తుడుచుకున్నాను. నేను మిరపకాయ పట్టుకుని ఎన్నేళ్ళయిందో.

"ఏమైంది?" అంది పిల్ల.

"ఏం లేదే. కంట్లో కారం పడింది."

చుట్టూ ఇసక, ఎదురుగా నీళ్ళు. ఎక్కడి కారం అని అది అడగలేదు. తన చున్నీ కొస ముద్దగా చుట్టి, నోటికి ఆనించుకుని "హా" అని ఆవిరి పట్టి, నా కంటికి అద్దింది.